తాళం నాది, తలుపు మీది

మా వీధిలో ఎప్పుడో ఒకప్పుడు తాళంచెవి పోగొట్టుకోని మనిషి లేడు. అందుకని తాళాలక్కని ఎరగని మనిషీ లేడు.

మందుల షాపు మెట్ల పక్కన ఆమె కొట్టు. కొట్టంటే ఒక చెక్క బల్ల, దానికి బిగించిన ఇనప పట్టు, నాలుగైదు రకాల ఆకురాళ్ళు, తల మీద ఒక పెద్ద గొడుగు. గొడుగు కమ్మీలకి గుత్తులు గుత్తులుగా తాళంచెవులు వేలాడుతుంటాయి. గాలి వీస్తే గలగలమంటాయి. గాలి లేని రోజున నాకు పక్కన మనిషి లేనట్టుంటుంది. ఎందుకంటే ఆ పక్కనే నా పాత పుస్తకాల కొట్టు, అంటే నేల మీద పరిచిన రెండు పట్టాలు. పుస్తకాలు ఎవరూ కొనరు కాబట్టి నేనే చదువుకుంటాను. పాత పేపర్లు తూకానికి కొని తూకానికి అమ్మి బతుకుతాను. పొద్దున ఊరంతా ఊగిపోయిన వార్త సాయంత్రం నా తక్కెట్లో ఎంత తూగుతుందో చూసినవాణ్ణి కనక పేపర్ల మీద నాకు భక్తి తక్కువ.

అక్కకి ఈ పని వాళ్ళ నాన్న నేర్పాడు. ఆయనా ఇదే గొడుగు కింద కూర్చునేవాడు. చిన్నప్పుడు ఆమెని కొడుకనే పెంచారు. ఎవరైనా "మీ అబ్బాయి" అన్నప్పుడల్లా, ఎవరా అని వెనక్కి తిరిగి చూసేదాన్నిరా అని నవ్వుతూ చెబుతుంది. మీసాలు మొలిచే వయసులో ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఎక్కడెక్కడో తిరిగి, ఏవేవో పనులు చేసి, కొన్నేళ్ళకి జడ వేసుకుని, తనకి నప్పిన బట్టలు కట్టుకుని, తనే పెట్టుకున్న పేరుతో ఒక మధ్యాహ్నం ఈ గొడుగు ముందు నిలబడింది. తండ్రి తలెత్తి చూశాడు. చాలాసేపు చూశాడట. తర్వాత బల్ల మీద కొంచెం పక్కకి జరిగాడు.

"కూర్చో. ఆ బీరువా తాళం పొద్దుట్నుంచీ విసిగిస్తోంది. నువ్వు చూడు."

ఆ తాళం తీయడానికి తనకి ఎంతసేపు పట్టిందో చెప్పలేనంటుంది అక్క. కళ్ళ నిండా నీళ్ళుంటే చెవి దూర్చే కన్నం ఎక్కడ కనబడుతుంది? "మా నాన్న దానికీ తిట్టాడ్రా. ఏడ్చేదేదో తాళం తీశాక ఏడు, అవతల మనిషి ఎదురుచూస్తున్నాడు అని."

అక్క ట్రాన్స్ మహిళ. ఈ ముక్క కథకి కావాలి కాబట్టి చెప్పాను. తాళాలకి దానితో పనిలేదు. ఆ పేపరు వచ్చేదాకా వీధిలో మాకూ దానితో పని పడలేదు.

తండ్రి పోతూ ఆమెకి ఆకురాళ్ళతో పాటు రెండు కట్టుబాట్లు కూడా ఇచ్చిపోయాడు. లోపల మనిషి చిక్కుకున్న తలుపు దగ్గర బేరమాడకూడదు. ఇంకోటి, తాళం టక్కుమనగానే వెనక్కి తిరిగిపోవాలి; తలుపు ఇంటివాళ్ళే తోసుకోవాలి. పరాయి ఇంట్లో ఏముందో తాళాలు తీసే మనిషి కంట పడకూడదు. పడితే, రేపు ఆ ఇంట్లో పిన్నీసు పోయినా ముందు గుర్తొచ్చేది మనమే. అందుకే ఎవరింటికెళ్ళినా, తాళం ఊడగానే అక్క గోడకేసి తిరిగి, "తాళం నాది, తలుపు మీది" అంటుంది. ఒకసారి ఒకాయన భార్యతో పోట్లాడి బయటికొచ్చి, వెనకే తలుపు తాళం పడిపోయి, వానలో తడుస్తూ అక్కని పిలిచాడు. తాళం ఊడాక, "ఒక్కసారి తొంగి చూసి, మా ఆవిడ కోపం తగ్గిందో లేదో చెప్పు తల్లీ" అని బతిమాలాడట. అక్క తల తిప్పలేదు.

"ఆ తాళానికి చెవి నా దగ్గర లేదు బాబాయ్."

సంగతి టీచరమ్మ ఇంట్లో మొదలైంది. రిటైరై ఒంటరిగా ఉంటున్న టీచరమ్మ చెల్లెలింటికి వెళ్ళి తిరిగొచ్చేసరికి, తన చెవి తన తాళానికి పట్టలేదు. దొంగ పాత తాళం విరగ్గొట్టి, పని కానిచ్చుకుని, దారిన పోయేవాళ్ళకి అనుమానం రాకుండా అచ్చం అలాంటిదే కొత్తది వేసి పోయాడు. దొంగల్లోనూ అంత శ్రద్ధ గలవాళ్ళుంటారు. టీచరమ్మ తన కళ్ళే మసకబారాయనుకుని అక్కని పిలిచింది. అక్క తీసి గోడకేసి తిరిగింది. లోపల్నుంచి టీచరమ్మ కేక వినబడ్డా గడప దాటకుండా, ఆ గోడ దగ్గర నిలబడే పోలీసులకి ఫోను చేసింది. వచ్చిన పోలీసాయన తాళం తీసిందెవరని అడిగి, అక్క దగ్గరున్న పాత గుర్తింపు కార్డు మీది పేరు రాసుకుపోయాడు.

మా వీధి చివర ఒక సాయంకాలం పేపరు ఆఫీసుంది. అందులో నేరవార్తలు రాసే విలేకరిని అందరూ సంచలనం అంటారు. ఆ మాట లేకుండా ఆయన వార్త రాయలేడు. సైకిలు పోయినా సంచలనమే, దొరికినా సంచలనమే. ఆయన టీచరమ్మ ఇంటికి వెళ్ళలేదు. రోజూ అక్క గొడుగు పక్కనించే వెళ్తాడు గానీ అక్కడా ఆగలేదు. స్టేషనుకి ఫోను చేసి, వాళ్ళు చెప్పింది రాసుకున్నాడు, చెప్పనిది ఊహించుకున్నాడు. మర్నాడు మొదటి పేజీలో పిడికిలంత అక్షరాలతో వచ్చింది: "ఆడ వేషంలో తాళాల మాయగాడు?"

అబద్ధం రాసేటప్పుడు పేపరువాళ్ళు చివర ఒక ప్రశ్నార్థకం తగిలిస్తారు. అది వాళ్ళకి గొడుగు. వాన కురిపించేదీ వాళ్ళే, తడవనిదీ వాళ్ళే. ఆ కింద అక్క పాత పేరు, పక్కన 'అలియాస్' అని పెట్టి ఇప్పటి పేరు, జేబుదొంగలకి రాసినట్టు. అక్కణ్ణించి వార్తంతా అతడు, అతడు, అతడు. ఆమె పుట్టుక గురించీ కట్టూబొట్టూ గురించీ పెద్ద పేరా. పోయిన సామాను గురించి ఒక ముక్క. ఆ పాత పేరు నేనిక్కడ రాయను. రాస్తే వాళ్ళకీ నాకూ తేడా ఏముంది?

అక్క వార్తంతా చదివింది. పేపరు మడిచి నా తక్కెట్లో పెట్టి, ఎంత తూగిందో చూడమంది. ముల్లు కదల్లేదన్నాను. "మరి నాకెందుకురా ఇంత బరువుగా ఉంది" అంది, నవ్వుతూనే.

కొట్టు దగ్గర జనం పలచబడ్డారు. అంతకుముందు చెవి చేయించుకున్న ఒకావిడ వచ్చి, ఇంకో నకలు నీ దగ్గర ఉంచుకోలేదు కదమ్మా అని గొంతు తగ్గించి అడిగి పోయింది. మందుల షాపాయన నిప్పు లేనిదే పొగ రాదు కదా అన్నాడు. పేపర్లో పొగ రావడానికి నిప్పెందుకు, సిరా చాలు అన్నాను. ఆయన ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అదొక లాభం.

అసలు దెబ్బ హాస్టలు దగ్గర తగిలింది. ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టలు అది. గదులన్నిటికీ తాళాలు మార్చాలి. పిల్లలు గదుల్లో ఉండగానే చేయాల్సిన పని కాబట్టి ఆడమనిషే కావాలని వార్డెనమ్మ ఊరంతా వెతికి అక్కకి మాటిచ్చింది. ఇప్పుడావిడే వచ్చి, స్టూలు జరిపితే కూడా కూర్చోకుండా నిలబడింది. తనకేమీ అభ్యంతరం లేదట. పిల్లల తల్లిదండ్రులు పేపరు తెచ్చి, ఇందులో అతడని ఉందే అంటున్నారట. రాసిన పేపరే తప్పని ఒప్పుకుంటే తప్ప తను ఎవరికీ జవాబు చెప్పడం కుదరదట. నెలాఖరు దాకా ఆగుతానని, ఆ తర్వాత వేరే ఎవరినైనా చూసుకోక తప్పదని చెప్పి వెళ్ళింది.

ఆ పూట అక్క ఒక చెవిని అరగదీసి అరగదీసి సూదిలా చేసేసింది. ఒక పని పోతే ఇంకో పని వస్తుందిలే అక్కా అన్నాను.

"పని గురించి కాదురా. ఆడమనిషి కావాలని వెతుక్కుంటూ నా దగ్గరికొచ్చారు. అట్లా ఎవరైనా రావడం ఇదే మొదలు" అంది.

 ఆ సూదిలాంటి చెవిని తీసుకుని నా పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాను.

మర్నాడు టీచరమ్మ దిగింది. చేతిలో గోనెసంచి. బల్ల మీద బోర్లిస్తే ట్రంకుపెట్టె తాళం, అటక తాళం, సైకిలు తాళం, దేనిదో ఆవిడకే తెలియని తుప్పు తాళం, అన్నీ దొర్లాయి. నడిదారికి అడ్డంగా స్టూలు వేయించుకుని కూర్చుంది.

"వీటన్నిటికీ చెవులు చెయ్యి. తొందరేం లేదు. ఊరంతా చూసేదాకా చెయ్యి."

"ఇంట్లో ఇంకేం మిగిలిందని టీచరమ్మా దాచుకోడానికి?"

"తాళాలు మిగిల్చాడు కదే వెధవ."

దారిన పోయేవాళ్ళు ఆగారు. ఇల్లు దోపిడీ అయింది తనదేననీ, ఎవరి మీదైనా అనుమానపడే హక్కు ముందు తనకుంటుందనీ, ఆ హక్కు తనే వాడుకోనప్పుడు మీకెందుకు అరువిస్తాననీ ఒక్కొక్కరికీ పాఠం చెప్పినట్టు చెప్పింది. తర్వాత అక్కనీ నన్నూ వెంటబెట్టుకుని పేపరు ఆఫీసుకి నడిచింది.

సంపాదకుడు లేడు, సంచలనం ఉన్నాడు. స్టేషన్లో చెప్పిందే రాశానన్నాడు. కార్డు మీద ఉన్నదే పేరన్నాడు. తప్పు దిద్దుకోవడం తమ పేపరు పుట్టాక జరగలేదని గర్వంగా చెప్పాడు. టీచరమ్మ కళ్ళు చూసి కొంచెం తగ్గి, అక్క వైపు తిరిగి, పోనీ నీ జీవితం మీద ఒక పేజీ రాస్తాను, సంచలనమైపోతుంది అన్నాడు.

"నా జీవితం వద్దు. ఆ రోజు నేను చేసిన పని రాయి. పిలిస్తే వచ్చాను, తాళం తీశాను. అంతే" అంది అక్క.

అంత చిన్నది వార్త కాదన్నాడు.

బయటికొస్తూ అక్క సంపాదకుడి గది తలుపు దగ్గర అలవాటుగా ఆగింది. ఆ తలుపు తాళం నాలుక ఎప్పుడో అరిగిపోయింది. ఒకసారి పడిందంటే లోపల్నుంచి రాదు, బయట్నుంచీ రాదు. మార్చమని వాచ్‌మన్ బాబాయికి ఆమె ఎన్నిసార్లో చెప్పింది. ఆఫీసువాళ్ళు మార్చలేదు. తలుపు పూర్తిగా పడకుండా, వాళ్ళ పేపరునే నాలుగు మడతలు పెట్టి సందులో దోపారు. పేపరుందిగా, అదే ఆపుతుంది అన్నాడు బాబాయి ఆ రోజు కూడా.

"పేపరుని నమ్ముకోకు బాబాయ్" అంది అక్క.

బాబాయి మంచివాడు. మేం వచ్చి అడిగి వెళ్ళామని మర్నాడు సంపాదకుడి చెవిన వేశాడు. సంపాదకుడు పెద్దవాడు. ప్రపంచంలో ఏ మూల ఏం జరిగినా చదువుతాడు, తన పేపర్లో నేరవార్తలు మాత్రం చదవడు. అక్క మీద వార్త వచ్చిన రోజు పేపరు తెమ్మన్నాడు. ఆఫీసంతా గాలించినా ఒక్క ప్రతి లేదు. ఎలా ఉంటుంది, పాతవన్నీ నేను తూకానికి కొనేశాను కదా. చివరికి బాబాయికి గుర్తొచ్చింది: ఆ రోజుదే మడతపెట్టి తలుపు సందులో దోపాడు. లాగి, దుమ్ము దులిపి, సంపాదకుడి చేతికిచ్చి బయటికొచ్చాడు. సంపాదకుడు సంచలనాన్ని లోపలికి పిలిచి పేపరు బల్ల మీద పరిచాడు. వెనక తలుపు తనంతట తనే మెల్లగా వెళ్ళి టక్కుమంది.

బాబాయి రొప్పుతూ మా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. పెద్దాయన ఇరుక్కుపోయాడట. ఆయనకి షుగరుందట. పొద్దుట్నుంచీ వరసగా టీలు తాగాడట.

టీచరమ్మ మొహం వెలిగిపోయింది. "తొందరపడకే. తప్పు రాశామని కాగితం మీద రాసి తలుపు కింద నుంచి తోయమను. అది చేతికొచ్చాక తియ్యి." నాకూ అదే న్యాయంగా తోచింది. బతుకులో పేపరువాళ్ళు మన చేతికి చిక్కే రోజు ఎన్నిసార్లు వస్తుంది?

అప్పటికే అక్క సంచి భుజాన వేసుకుంది.

"లోపల మనిషున్న తలుపు దగ్గర బేరం లేదు టీచరమ్మా."

"లోపలున్నది ఎలాంటి మనుషులో తెలుసుగా?"

"నాకు తెలుసు. తాళానికి తెలీదుగా."

మేం వెళ్ళేసరికి తలుపు అవతల అడుగుల చప్పుడు అటూ ఇటూ తిరుగుతోంది. అక్క మోకాళ్ళ మీద కూర్చుని తాళానికి చెవి ఆనించి వింది.

"ఎవరమ్మా? తాళాల అమ్మాయేనా? త్వరగా తల్లీ."

"వచ్చేశానండీ. తలుపు గుంజకండి, ఇంకా బిగుసుకుంటుంది."

"గుంజనమ్మా. నువ్వెలా చెబితే అలా. మా అమ్మవు కదూ, కొంచెం తొందరగా."

"ఇంకెవరున్నారు లోపల?"

"మా విలేకరి. ఏమయ్యా, మాట్లాడవేం?"

సంచలనం మాట్లాడలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం తలుపు అవతలున్నా తెలిసిపోతుంది. అక్క సన్నటి కడ్డీ దూర్చి మెల్లగా కదిలిస్తూ, ధ్యాస మళ్ళుతుందని పెద్దాయన్ని కబుర్లలో పెట్టింది.

"ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. ఏం చేస్తున్నారిందాకట్నుంచీ?"

"పేపరు చదువుతున్నామమ్మా."

"ఏముందండీ అందులో?"

"ఎవరో తాళాలు తీసే..." అని ఆయన గొంతు ఆగిపోయింది.

అక్క కడ్డీని ఇంకొంచెం లోపలికి దూర్చింది. టీచరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చదవండి, వింటున్నా" అంది అక్క. ఎగతాళేం లేదు ఆ గొంతులో.

లోపల్నుంచి, "చదవలేనమ్మా" అని వచ్చింది.

టక్కుమంది. అక్క లేచి, మోకాళ్ళు దులుపుకుని, గోడకేసి తిరిగింది. "తాళం నాది, తలుపు మీది."

తలుపు తెరుచుకుంది. సంపాదకుడు ఎవరినీ చూడకుండా, ఆ వయసులో ఎవరూ నడవనంత వేగంగా వరండా చివరికి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేటప్పుడు నెమ్మదిగా వచ్చాడు. సంచలనం చేతికి కలమిచ్చి, దిద్దుబాటు రాయమన్నాడు. సంచలనం అలవాటు కొద్దీ మొదటి ముక్క గీకేశాడు: "సంపాదకుణ్ణి కాపాడిన హిజ్రా". పక్కన 'సంచలనం' అని ఎక్కడ ఇరికిద్దామా అని చూస్తున్నాడు. సంపాదకుడు ఆ కాగితం లాక్కుని చించాడు. అక్క వైపు తిరిగి, ఎలా రాయాలమ్మా అని అడిగాడు.

"నా గురించి గొప్పగా వద్దండీ. తలుపు వేసున్నప్పుడు నన్నేమన్నారో, తీశాక కూడా అదే అనండి. చాలు."

మర్నాడు మొదటి పేజీలోనే వేశారు. తప్పు పిడికిలంత, దిద్దుబాటు గోరంత. అయినా వేశారు. టీచరు ఇంటి తాళం తీసింది ఇంటివారు పిలిస్తే వచ్చిన, తాళాలు బాగుచేసే మహిళ అనీ, ఆమెకి చోరీతో ఏ సంబంధం లేదనీ, ఆమెని అడగకుండా ఆమె పేరూ వివరాలూ తప్పుగా రాశామనీ, చింతిస్తున్నామనీ. అందులో ఉన్నది అక్క పేరే, ముందూ వెనకా తోకలేమీ లేకుండా. టీచరమ్మ పది కాపీలు కొని, మొదటిది మందుల షాపాయన గల్లాపెట్టె మీద పరిచి వచ్చింది.

సంపాదకుడి గదికి అక్కే కొత్త తాళం బిగించింది. ఇప్పుడు దానికి పేపరు అండ అక్కర్లేదు.

కొన్నాళ్ళకి టీచరమ్మ ఇంటి దొంగ దొరికాడు. అతని మీద వచ్చిన వార్తలో అతని పుట్టుక గురించి గానీ, ఏ బట్టలు కట్టుకుంటాడని గానీ ఒక్క ముక్క లేదు. దొంగకి ఉన్న మర్యాద అది.

సంచలనం ఇప్పుడు గొడుగు దగ్గర ఆగుతున్నాడు. ఆమధ్య ఎక్కడో ఏదో గొడవలో ఒక ట్రాన్స్ మహిళ మీద కేసు పెట్టారట, ఎలా రాయాలక్కా అని అడిగాడు.

"నన్నడుగుతావేం? ఆ మనిషికి నోరు లేదా? నేరం చేస్తే నేరం రాయి. మనిషినెలా పిలవాలో ఆ మనిషినే అడుగు."

"స్టేషనుకి వెళ్ళి అడగాలా?" అన్నాడు నీరసంగా.

"వెళ్ళు మరి. కాళ్ళున్నాయిగా."

వెళ్ళాడు. తిట్టుకుంటూనే వెళ్ళాడు గానీ వెళ్ళాడు.

నెలాఖరుకి ముందే వార్డెనమ్మ వచ్చింది. ఈసారి స్టూలు తనే లాక్కుని కూర్చుంది. హాస్టలు పని మొదలైన రోజు అక్క సంచి మోయడానికి నేను గేటు దాకా వెళ్ళాను. అక్కడ నన్ను ఆపేశారు, మగవాళ్ళు రాకూడదని. అక్క వెనక్కి తిరిగి, "నువ్వు బయటే ఉండు తమ్ముడూ, ఇది ఆడవాళ్ళ హాస్టలు" అని, నవ్వాపుకుంటూ సంచి తీసుకుని లోపలికి వెళ్ళింది. మెట్ల మీద ఆమె నడక చూస్తే నాకూ నవ్వొచ్చింది.

సాయంత్రం తిరిగొచ్చాక చెప్పింది. మొదటి గది తాళం ఊడగానే అలవాటుగా గోడకేసి తిరిగిందట. లోపలున్న అమ్మాయి తలుపు తీసి, అలా నిలబడ్డారేంటక్కా అని చెయ్యి పట్టి లోపలికి లాగి, మంచం మీద కూర్చోబెట్టి టీ ఇచ్చిందట. రెండో గదిలోనూ అంతే. మూడో గదికి వెళ్ళేసరికి టీ వద్దని చేతులెత్తి దణ్ణం పెట్టాల్సి వచ్చిందట.

"గదుల్లో ఏం చూశావక్కా?" అన్నాను.

"అది చెప్పకూడదురా" అంది, ఆకురాయి అందుకుంటూ.